టీవీలో చిన్న ఊళ్ళ ఇళ్ళ మేకోవర్లు: ప్రేక్షకుల మాటల్లో ఏది నిజం?

మీరు అడిగింది ఇదీ: మీ దంపతులిద్దరూ అమెరికన్ టీవీ చానెల్ హెచ్‌జీటీవీలో వచ్చే 'హోమ్ టౌన్', ఆ తర్వాత 'హోమ్ టౌన్ టేకోవర్' వరసపెట్టి చూశారు. వాటి మీద ప్రేక్షకులు రాసిన అభిప్రాయాలూ చదివారు. కొందరు ఊళ్ళకు ఊళ్ళనే బతికించారని పొగుడుతున్నారు. కొందరేమో అంతా నాటకమనీ, ఇళ్ళన్నీ ఒకే అచ్చులో ఉన్నాయనీ, చూపించిన డబ్బుకు ఆ పని జరగదనీ తిడుతున్నారు. వీళ్ళలో ఎవరిని నమ్మాలి, మేమూ ఒక చిన్న ఊళ్ళో 1930ల నాటి ఇల్లు చూసి పెట్టుకున్నాం, టీవీలో లాగా బాగుచేయించుకోవచ్చా అని మీ ప్రశ్న.

నేను అమెరికాలో ఇరవై రెండేళ్ళుగా పాత ఇళ్ళ మరమ్మతులకు ఎస్టిమేట్లు వేసే పనిలో ఉన్నాను. ఎక్కువగా చిన్న ఊళ్ళే. ఈ షోలు నేనూ చూస్తాను, ఇష్టపడే చూస్తాను. కస్టమర్లు వాటిని చూసి నా దగ్గరకు వస్తారు కాబట్టి చూడక తప్పదు కూడా. నా ఉద్దేశం ముందే చెప్పేస్తాను. ప్రేక్షకుల కోపంలో చాలావరకు న్యాయం ఉంది, కానీ అది పోవలసిన చోటికి పోవడం లేదు. రంగుల మీద, కుషన్ల మీద, యాంకర్ల మీద గంటలు గంటలు వాదించుకుంటారు. ఇంటి కింద చెమ్మ గురించి, పాత పెయింటులో సీసం గురించి, ఆ ఇంట్లో ఉండేవాళ్ళకు పదేళ్ళ తర్వాత పడే ఖర్చు గురించి అడిగేవాళ్ళు చాలా తక్కువ. అడగవలసింది అదే.

మొదట "అన్నీ ఒకేలా ఉన్నాయి" అనే మాట చూద్దాం. అందరికంటే ఎక్కువగా వినిపించేది ఇదే. తెల్ల గోడలు, గోడ మీద అడ్డంగా షిప్‌లాప్ చెక్కలు, హాలూ కిచెనూ కలిపేసి మధ్యలో ఒక పెద్ద ఐలాండ్, అంటే గోడకు ఆనకుండా విడిగా ఉండే వంటగట్టు. టెక్సస్‌లోని వేకోలో తీసిన 'ఫిక్సర్ అప్పర్' 2013లో మొదలైంది. ఆ తర్వాత ఈ పద్ధతి దేశమంతా పాకింది. నా దగ్గరకు వచ్చినవాళ్ళలో ఎంతమంది ఫోన్‌లో ఆ షో ఫొటో చూపించి "మాకు ఇలాగే కావాలి" అన్నారో లెక్కలేదు. ఇది యాంకర్లకు ఊహ లేక జరిగింది కాదు. టీవీ వాళ్ళు ఒక ఇంటి తర్వాత ఒకటి కాకుండా, ఒకేసారి చాలా ఇళ్ళ పని నడుపుతారు. సీజన్ గడువు లోపల అన్నీ పూర్తి కావాలి. తెల్ల గోడ మీద కెమెరాకు వెలుతురు బాగా అందుతుంది. గోడ తీసేస్తే కెమెరా ఒక మూల నుంచి ఇల్లంతా చూపించగలదు. 'ముందు, తర్వాత' అని రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టినప్పుడు తేడా కళ్ళకు కొట్టినట్టు కనబడాలంటే గోడ పడగొట్టడానికి మించిన దారి లేదు. కెమెరా అవసరం మన ఇంటి అవసరంలా కనబడటం మొదలైంది, అదీ సంగతి.

మీరు చూసిన 'హోమ్ టౌన్' మీద మాత్రం ఈ ఫిర్యాదు పూర్తిగా అంటదని నా అభిప్రాయం. ఎందుకో చెప్పాలంటే మిసిసిపీలోని లారెల్ ఊరి సంగతి కొంచెం తెలియాలి. అది 1882లో కలప మిల్లు కోసం పుట్టిన ఊరు. చుట్టుపక్కల లాంగ్‌లీఫ్ పైన్ అడవులు నరికి, ఆ డబ్బుతో మిల్లుల యజమానులు పెద్ద పెద్ద ఇళ్ళు కట్టుకున్నారు. కార్మికులకూ ఉద్యోగులకూ చిన్న చిన్న ఇళ్ళ వరసలు వచ్చాయి. చెట్టు నడిమి భాగం నుంచి తీసిన హార్ట్ పైన్ చెక్క ఆ ఇళ్ళ నేలల్లో ఇప్పటికీ ఉంది. అలాంటి ముదురు చెక్క ఇవాళ కొత్తగా దొరకదు, ఎక్కువగా పాత భవనాలు కూల్చినప్పుడు తీసినదే అమ్ముతారు. చెక్క పొట్టునుంచి గట్టి పలక చేసే మేసనైట్‌ను 1924లో విలియం మేసన్ కనిపెట్టింది కూడా ఈ ఊళ్ళోనే. అడవి అయిపోయాక ఊరు నెమ్మదించింది. చాలాచోట్ల డబ్బున్న ఊళ్ళు పాతవి కూల్చి కొత్తవి కట్టుకుంటే, ఇక్కడ చాలా ఇళ్ళు అలాగే మిగిలిపోయాయి. ఎరిన్, బెన్ నేపియర్ దంపతులకు 2016లో షో మొదలయ్యేసరికి చేతికి అందింది ఆ ఇళ్ళే. ఎరిన్ ఆ ఊరి పిల్ల, బెన్ చెక్క పని తెలిసినవాడు. అందుకే ఆ షోలో పాత తలుపును పారేయకుండా బల్లగా మార్చడం, పాత నేలను గీకి పాలిష్ పెట్టడం, ఇంటి వయసుకు తగ్గ రంగులు వేయడం ఎక్కువ కనబడతాయి. ప్రేక్షకులు ఈ జంటను మిగతావాళ్ళకంటే ప్రేమగా చూడటానికి కారణం వాళ్ళ మాట తీరు ఒక్కటే కాదు, పాత సామానును గౌరవించే ఆ అలవాటు కూడా. ఆ ప్రేమ సరైనదే.

ఇటుక గోడకు పెయింటు వేయడం మీద జరిగే గొడవ గురించి కొంచెం ఎక్కువ రాయాలి, ఎందుకంటే ఇక్కడ ప్రేక్షకులదే పైచేయి. ఏ షోలోనైనా ఎర్ర ఇటుక ఇంటికి తెల్ల పెయింటు వేశారంటే కింద కామెంట్లలో జనం మండిపడతారు. "అందం పాడు చేశారు" అంటారు. నేను అందం గురించి మాట్లాడను, అది ఎవరిష్టం వాళ్ళది. అసలు సంగతి చెమ్మ. పాతకాలపు ఇటుక మెత్తనిది, సున్నం కలిపిన గారతో పేర్చినది. వాన నీరు కొంత పీల్చుకుంటుంది, ఎండకు వదిలేస్తుంది. గోడ అలా ఊపిరి పీల్చుకుంటూ వంద ఏళ్ళు నిలబడింది. దాని మీద ప్లాస్టిక్ పొరలాంటి లేటెక్స్ పెయింటు వేస్తే, ఏదో ఒక పగులులోంచి లోపలికి పోయిన నీరు బయటికి రావడానికి దారి ఉండదు. చలికాలంలో ఆ నీరు గడ్డకట్టి ఉబ్బుతుంది. ఇటుక ముఖం పెచ్చులుగా ఊడుతుంది.

ఆరేళ్ళ కిందట ఒకావిడ నన్ను పిలిచారు. రిటైరైన టీచరు, ఒంటరిగా ఉంటారు. 1920ల నాటి ఇటుక ఇల్లు. టీవీలో చూసి ముచ్చటపడి, వేరే కాంట్రాక్టరు చేత ముందు గోడంతా తెల్లగా వేయించుకున్నారు. మూడో చలికాలం దాటాక ముందు మెట్ల పక్కన నేల మీద ఏదో రాలుతోందని చూపించారు. వంగి ఒక ముక్క తీశాను. అరచేయంత పెచ్చు. ఒక పక్క మెరిసే తెల్ల పెయింటు, చెక్కు చెదరలేదు. తిప్పితే రెండో పక్క ఎర్రటి పొడి, వేలితో రాస్తే బిస్కెట్ లాగా రాలిపోయింది. పెయింటు గట్టిగా ఉంది, ఇటుకే పోయింది. ఆవిడ ఆ ముక్క నా చేతిలోంచి తీసుకుని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "కలర్ నచ్చకపోతే మార్చుకోవచ్చులే అనుకున్నాను" అన్నారు. పాత ఇటుకను పాడుచేయకుండా ఆ పెయింటు తీయడం చాలా కష్టం. ఇసుకతో కొట్టి తీయిస్తే ఇటుక మీద కాల్చినప్పుడు వచ్చిన గట్టి పొర కూడా పోయి, పరిస్థితి ఇంకా చెడుతుంది. మందు రాసి కొంచెం కొంచెంగా తీయించాం, పాడైన ఇటుకలు మార్పించాం. మొదట పెయింటుకు అయినదానికి ఎన్నో రెట్లు ఖర్చయింది. షోలలో కొన్నిసార్లు పెయింటు బదులు సున్నం పూత వేస్తారు. అది ఇటుకను ఊపిరాడనిస్తుంది, చూడటానికీ దాదాపు అలాగే ఉంటుంది. కానీ తేడా ఎందుకో ఎవరూ ఒక్క నిమిషం ఆగి చెప్పరు. ప్రేక్షకుడికి గుర్తుండేది తెలుపు ఒక్కటే.

డబ్బు విషయానికి వస్తాను. తెర మీద కొన్న ధర ఇంత, రిపేరు బడ్జెట్ ఇంత అని రెండు అంకెలు పడతాయి. ప్రేక్షకులు వాటిని నమ్మరు. "మా ఊళ్ళో ఆ డబ్బుకు కిచెన్ కూడా రాదు" అంటారు. అబద్ధమనలేను, పూర్తి నిజమనీ అనలేను. ఈ షోలలో రిపేరు ఖర్చు సాధారణంగా ఇంటి యజమానే పెట్టుకుంటాడు. యాంకర్ల డిజైన్ పని, షూటింగు ఖర్చు షో వాళ్ళవి. కొన్ని కంపెనీలు ప్రచారం కోసం సామాను తక్కువ ధరకు ఇస్తాయి. చివర్లో కనిపించే సోఫాలు, దీపాలు, పటాలు చాలావరకు బడ్జెట్‌లో లేనివే. 'ఫిక్సర్ అప్పర్'లో అలంకరణ సామాను కావాలంటే యజమాని విడిగా కొనుక్కోవాలనీ, లేకపోతే తిరిగి వెళ్ళిపోతుందనీ అప్పట్లో బాగా చర్చ జరిగింది. వీటికి తోడు మిసిసిపీ చిన్న ఊళ్ళో కూలి వేరు, బోస్టన్ దగ్గర కూలి వేరు. లారెల్ అంకెను తెచ్చి న్యూజెర్సీ కాంట్రాక్టరు ముందు పెడితే అతను ఏం చేయగలడు? నా దగ్గరకూ అలా వచ్చినవాళ్ళున్నారు. వాళ్ళను తప్పుపట్టను. తెర మీద అంకె వేసినప్పుడు అందులో ఏమేమి లేవో కూడా ఒక లైను వేయడం షో వాళ్ళ బాధ్యత.

"అంతా ముందే రాసుకున్న నాటకం" అనేదానికి కూడా ఆధారం లేకపోలేదు. 'హౌస్ హంటర్స్'లో మూడు ఇళ్ళు చూసి ఒకటి ఎంచుకుంటున్నట్టు చూపించినవాళ్ళు అప్పటికే ఇల్లు ఖాయం చేసుకుని ఉంటారని 2012లో బయటికి వచ్చింది, చానెల్ కూడా దాదాపు ఒప్పుకుంది. మేకోవర్ షోలలో కూడా ఇల్లు వెతికే భాగాన్ని అలాగే చూడండి. దానివల్ల పెద్ద నష్టమేమీ లేదు. గంట స్లాటులో యాడ్స్ పోను నలభై నిమిషాల పైచిలుకే మిగులుతుంది. నెలల పనిని అందులో ఇరికించాలి. నన్ను బాధపెట్టేది ఇరికించడం కాదు, కత్తిరించిన భాగం ఏమిటన్నది. పర్మిట్ కోసం ఎదురుచూపులు, ఇన్‌స్పెక్టర్ వచ్చి వైరింగు మళ్ళీ చేయమనడం, ప్లంబర్ రాకపోవడం, ఇంటివాళ్ళు బంధువుల ఇంట్లో ఇరుక్కుని ఉండటం ఇవన్నీ పోతాయి. సుత్తి పట్టుకుని గోడ బద్దలుకొట్టే ముక్క మాత్రం ప్రతి ఎపిసోడ్‌లో ఉంటుంది.

ఆ గోడ బద్దలుకొట్టే ముక్క గురించే నాకు అన్నిటికంటే ఎక్కువ పట్టింపు. ప్రేక్షకులు దీని గురించి దాదాపు మాట్లాడరు. అమెరికాలో ఇళ్ళకు వేసే పెయింటులో సీసాన్ని 1978లో నిషేధించారు. అంతకుముందు కట్టిన ఇంట్లో, ముఖ్యంగా 1940లకు ముందు కట్టిన దాంట్లో, గోడల మీదా కిటికీల మీదా సీసం పెయింటు ఉంటుందనే అనుకోవాలి. అది గోడ మీద కదలకుండా ఉన్నంతసేపు పెద్దగా ప్రమాదం లేదు. గీకినా, రంపంతో కోసినా, సుత్తితో కొట్టినా వచ్చే దుమ్ముతోనే ప్రమాదం. నేల మీద పాకే పిల్లలు ఆ చేతులే నోట్లో పెట్టుకుంటారు. ఆరేళ్ళ లోపు పిల్లల మెదడు ఎదుగుదలను అది దెబ్బతీస్తుంది, దెబ్బతిన్నది మళ్ళీ రాదు. అందుకే 2010 నుంచి ఫెడరల్ నియమం ఒకటి అమల్లో ఉంది. పాత ఇంట్లో ఒక గదిలో ఆరు చదరపు అడుగులు, బయట గోడ మీద ఇరవై చదరపు అడుగులు దాటి పెయింటును కదిలిస్తే, డబ్బు తీసుకుని పనిచేసేవాళ్ళకు సర్టిఫికెట్ ఉండాలి. గది మూసేసి ప్లాస్టిక్ షీట్లు పరవాలి, సన్నటి దుమ్మును కూడా పట్టే హెపా ఫిల్టరున్న వాక్యూమ్ వాడాలి, ఇంటివాళ్ళకు ముందే కరపత్రం ఇచ్చి సంతకం తీసుకోవాలి.

ఇప్పుడు ఏ మేకోవర్ షో అయినా పెట్టుకుని కూల్చే భాగం చూడండి. ప్లాస్టిక్ షీటు ఎక్కడైనా కనబడుతుందేమో వెతకండి. 'ఫిక్సర్ అప్పర్' దంపతుల కంపెనీ మాగ్నోలియా హోమ్స్ మీద పర్యావరణ సంస్థ ఈపీఏ చర్య తీసుకున్నది కూడా షో ఎపిసోడ్లు చూసే. 33 ఇళ్ళలో సీసం జాగ్రత్తలు సరిగా పాటించలేదన్నది ఆరోపణ. 2018లో రాజీ కుదిరింది. ఆ కంపెనీ 40,000 డాలర్ల జరిమానా కట్టడానికి, వేకోలో సీసం ఉన్న ఇళ్ళు బాగుచేయడానికి 160,000 డాలర్లు ఖర్చుపెట్టడానికి ఒప్పుకుంది. షోలోనే సీసం పెయింటు గురించి ప్రేక్షకులకు వివరంగా చెప్పారు కూడా. ఆ పని నాకు నచ్చింది. మిగతా షోలన్నీ కూడా ప్రతి పాత ఇంటి ఎపిసోడ్‌లో ఒక అర నిమిషం దీనికి ఇస్తే, కుషన్ల మీద వచ్చే వెయ్యి కామెంట్లకంటే ఎక్కువ మేలు జరుగుతుంది. ఎందుకంటే టీవీ చూసి ఆదివారం తమ ఇంట్లో తామే గోడ కొట్టుకునేవాళ్ళకు ఆ నియమం వర్తించదు, చెప్పేవాళ్ళూ ఉండరు. ఇంట్లో పాకే బిడ్డ ఉంటుంది.

ఊరిని బతికించారా అనేది మీ రెండో సందేహం. 'హోమ్ టౌన్ టేకోవర్' మొదట 2021లో అలబామాలోని వెటంప్కాలో జరిగింది. కూసా నది ఒడ్డున ఏడు వేల పైచిలుకు జనాభా ఉన్న ఊరు. 2019 జనవరిలో టోర్నడో వచ్చి ఊరి పాత భాగాన్ని దెబ్బతీసింది. షో వాళ్ళు అక్కడ ఇళ్ళు, దుకాణాలు, నలుగురూ కూర్చునే చోట్లు కలిపి 12 పనులు చేశారు. 2023లో కొలరాడోలోని ఫోర్ట్ మోర్గన్, 2025లో ఫ్లోరిడాలోని సీబ్రింగ్. మధ్యలో 2022లో 'కిక్‌స్టార్ట్' పేరుతో ఆరు ఊళ్ళలో ఊరికి మూడేసి చిన్న పనులు చేశారు: ఊరికి సేవ చేసిన ఒకరి ఇల్లు, ఒక చిన్న వ్యాపారం, ఒక బహిరంగ స్థలం.

వీటి మీద ప్రేక్షకులు రెండు రకాలుగా చీలిపోయారు. ఏడ్చి చూసినవాళ్ళు ఒక పక్క. "పది భవనాలకు రంగు వేస్తే ఊరు మారుతుందా, ఎంపిక కానివాళ్ళ సంగతేంటి, టూరిస్టులు వచ్చి అద్దెలు పెంచితే అక్కడివాళ్ళు ఎక్కడికి పోవాలి" అన్నవాళ్ళు ఒక పక్క. నేను రెండో పక్షం ప్రశ్నల్ని గౌరవిస్తాను, కానీ మొదటి పక్షం కన్నీళ్ళను తేలిగ్గా తీసిపారేయలేను. చిన్న ఊళ్ళో మెయిన్ స్ట్రీట్ మీద వరసగా నాలుగు షట్టర్లు మూసి ఉంటే అయిదోవాడికి కూడా దుకాణం తెరవాలనిపించదు. ఒకటి తెరుచుకుంటే పక్కవాడికి ధైర్యం వస్తుంది. ఇది నేను పనిచేసిన ఊళ్ళలో కళ్ళారా చూశాను. ముందు గోడ మీది పాత అల్యూమినియం రేకు తీసేస్తే దాని కింద 1900ల నాటి ఇటుక పనితనం బయటపడుతుంది. ఆ రోజు రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూస్తారు. తమ ఊళ్ళో ఇంత అందం ఉందని చాలామందికి అప్పుడే తెలుస్తుంది.

అయితే ఊరికి అది ఒక్కటే చాలదు. ఈ పని టీవీకంటే చాలా ముందు నుంచి చేస్తున్నవాళ్ళున్నారు. పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ ఫర్ హిస్టారిక్ ప్రిజర్వేషన్ అనే సంస్థ 1977లో మూడు ఊళ్ళలో ప్రయోగం చేసి, 1980లో మెయిన్ స్ట్రీట్ కేంద్రం పెట్టింది. వాళ్ళ పద్ధతిలో నాలుగు కాళ్ళుంటాయి: ఊళ్ళో మనుషుల్ని కూడగట్టడం, ప్రచారం, డిజైన్, వ్యాపారాలు నిలబడేలా చూడటం. టీవీ చేసేది డిజైన్ పనినీ, ప్రచారాన్నీ. ఆ రెండూ టీవీ చేసినంత బాగా ఇంకెవరూ చేయలేరు, ఒప్పుకుంటాను. మిగతా రెండూ ఊరివాళ్ళు ఏళ్ళ తరబడి మీటింగులు పెట్టుకుని చేసుకోవాలి, వాటిలో కెమెరాకు చూపించేది ఏమీ ఉండదు. లారెల్ నిలబడటానికి షో ఒక్కటే కారణం కాదు. అక్కడ మెయిన్ స్ట్రీట్ సంస్థ షోకు ముందే ఉంది, నేపియర్ దంపతులు షో అయిపోగానే వెళ్ళిపోయేవాళ్ళు కాదు, అదే ఊళ్ళో ఇల్లు, అదే ఊళ్ళో 2016లో తెరిచిన దుకాణం. కాబట్టి టేకోవర్ జరిగిన ఊళ్ళ గురించి తీర్పు చెప్పాలనుకునేవాళ్ళు ఎపిసోడ్ చూసి చెప్పకండి. అయిదేళ్ళ తర్వాత ఒక మంగళవారం మధ్యాహ్నం ఆ వీధిలో ఎన్ని తలుపులు తెరిచి ఉన్నాయో చూసి చెప్పాలి.

ఇళ్ళ విషయంలోనూ అంతే. ఏబీసీలో 2003 నుంచి 2012 వరకు వచ్చిన 'ఎక్స్‌ట్రీమ్ మేకోవర్: హోమ్ ఎడిషన్' గుర్తుందా? కష్టాల్లో ఉన్న కుటుంబానికి వారం రోజుల్లో ఇల్లు కట్టించి ఇచ్చేవారు. వాళ్ళ ఉద్దేశాన్ని నేను శంకించను. కానీ కొన్ని కుటుంబాలు ఆ పెద్ద ఇళ్ళ కరెంటు బిల్లులూ, పన్నులూ మోయలేక అమ్ముకోవలసి వచ్చిందనీ, కొన్ని బ్యాంకు జప్తు దాకా వెళ్ళాయనీ తర్వాత పత్రికల్లో వచ్చింది. ఇల్లు ఇవ్వడం సులువు, ఆ ఇంటిని నిలబెట్టుకునే శక్తి ఇవ్వడం కష్టం. చిన్న ఊళ్ళ షోలు ఈ విషయంలో చాలా నయం. ఉన్న ఇంటినే, దాదాపు ఉన్న సైజులోనే బాగుచేస్తారు. ఈ మెచ్చుకోలు వాళ్ళకు రావలసినంతగా రాలేదు.

ఇంకొక్క మాట చెప్పి మీ ఇంటి సంగతికి వస్తాను. ఇల్లు చూసి ఏడ్చిన యజమానులను "యాక్టింగ్" అనీ, వాళ్ళ అభిరుచి చవకబారు అనీ రాసేవాళ్ళను చూస్తే నాకు మనసు చివుక్కుమంటుంది. ఆరునెలలు దుమ్ములో, అద్దె గదిలో గడిపి తమ ఇంటి తలుపు తీసినవాళ్ళ కళ్ళలో నీళ్ళు నేను ఎన్నోసార్లు చూశాను, అక్కడ కెమెరా లేదు. షోను ఎంతైనా విమర్శించండి, ఆ ఇంట్లో బతకబోయేవాళ్ళను వదిలేయండి.

ఇక మీ 1930ల ఇల్లు. టీవీలో లాగా చేయించుకోవచ్చు, కానీ వరస తలకిందులుగా పెట్టుకోవాలి. టీవీ కిచెన్‌తో మొదలుపెడుతుంది. మీరు ఇంటి కిందనుంచి మొదలుపెట్టండి. దక్షిణాది ఇళ్ళు ఎక్కువగా ఇటుక స్తంభాల మీద లేచి ఉంటాయి, కింద మనిషి పాకేంత క్రాల్ స్పేస్ ఉంటుంది. ఇన్‌స్పెక్టర్ వచ్చిన రోజు మీరూ పాత బట్టలు వేసుకుని, టార్చి, ఒక స్క్రూడ్రైవరు తీసుకుని ఆయన వెనకే కిందికి దూరండి. బాత్రూమ్ కిందికి వెళ్ళండి. కమోడ్ కింద, టబ్ డ్రైను కింద ఉన్న దూలాన్ని స్క్రూడ్రైవరుతో గట్టిగా పొడవండి. మంచి చెక్కయితే మొన కూడా దిగదు, చేతికి ఠక్కుమని తగులుతుంది. నేను చూసిన ఇళ్ళలో చాలావాటిలో ఆ ఒక్కచోటే స్క్రూడ్రైవరు పిడి దాకా దిగిపోయింది. పైన చూస్తే కొత్త టైల్స్ మెరుస్తూ ఉంటాయి. అక్కడే పక్కన స్తంభాల మీద సన్నటి మట్టి గొట్టాలు పాకి ఉన్నాయేమో చూడండి, అవి చెదలు. నేల మీద ప్లాస్టిక్ పరిచి ఉందా, మట్టి తడిగా ఉందా, ఇంటి చూరు నీళ్ళు గోడ మొదట్లోనే పడుతున్నాయా, ఇవన్నీ ఆ పది నిమిషాల్లో తెలుస్తాయి.

తర్వాత అటకెక్కండి. పింగాణీ గుబ్బల మధ్య లాగిన పాత నాబ్ అండ్ ట్యూబ్ వైరింగు కనబడితే ఆగి లెక్క వేసుకోండి, ఎందుకంటే చాలా ఇన్సూరెన్స్ కంపెనీలు దానితో పాలసీ ఇవ్వవు. నీళ్ళ పైపులు గాల్వనైజ్డ్ ఇనుమైతే లోపల తుప్పు పూడుకుపోయి ఉంటుంది, మేడ మీద కుళాయి ధార సన్నగా వస్తుంటే అదే గుర్తు. మురుగు పైపులోకి కెమెరా పంపించి చూపించుకోండి, దానికయ్యే ఖర్చుకు వెనకాడకండి. మీరు ఏ గోడ తీయాలనుకుంటున్నారో దాన్ని కాంట్రాక్టరు మాట మీద తీయకండి, స్ట్రక్చరల్ ఇంజనీరు వచ్చి కాగితం మీద రాసి ఇవ్వాలి. బరువు మోసే గోడ తీసి దూలం పెడితే ఆ బరువంతా రెండు చివరల మీదకు వస్తుంది, ఆ చివరల కింద పునాది ఉందో లేదో టీవీలో ఎప్పుడూ చూపించరు.

డబ్బు సంగతి: కొనే ధరనూ రిపేరు ఖర్చునూ ఒకే లోన్‌లో కలిపే 203(కె) అనే ఎఫ్‌హెచ్‌ఏ (ప్రభుత్వ గృహ రుణ హామీ సంస్థ) లోన్ ఉంది, మీ బ్యాంకులో అడగండి. కాగితాలు ఎక్కువ, టైము పడుతుంది, కానీ పాత ఇంటికి అది పనికొస్తుంది. హిస్టారిక్ ఇళ్ళకు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే 20 శాతం టాక్స్ క్రెడిట్ అద్దెకో వ్యాపారానికో వాడే భవనాలకే, మీరు ఉండే ఇంటికి రాదు. కొన్ని రాష్ట్రాలు విడిగా ఇస్తాయి, పాత కట్టడాల సంగతి చూసే మీ రాష్ట్ర ప్రిజర్వేషన్ ఆఫీసుకు ఒక ఫోన్ చేయండి. ఎస్టిమేట్ ఎంత వచ్చినా దాని మీద అయిదో వంతు పక్కన పెట్టుకోమని నేను అందరికీ చెబుతాను. గోడ తెరిచాక ఏదో ఒకటి బయటపడుతుంది, బయటపడని పాత ఇల్లు నేనింతవరకు చూడలేదు.

మీకు చిన్నపిల్లలుంటే సీసం టెస్టు ముందు చేయించండి, తర్వాతే సుత్తి. కిటికీలు చెక్కవైతే వెంటనే మార్చేయకండి. ఆ కాలపు చెక్క గట్టిది. కిటికీ పైకెత్తితే నిలబడటం లేదంటే చాలాసార్లు పోయింది కిటికీ చట్రం పక్క సందులో వేలాడే బరువుకు కట్టిన తాడు మాత్రమే. కొత్త తాడు వేసి, పుట్టీ మార్చి, బయట ఒక స్టార్మ్ విండో, అంటే గాలీ చలీ ఆపే రెండో కిటికీ, పెడితే ఇంకా ఎన్నో ఏళ్ళు పనిచేస్తుంది. ఇదంతా అయ్యాక మిగిలిన డబ్బుతో గోడలకు మీకు నచ్చిన రంగు వేసుకోండి. ఇన్‌స్పెక్షన్ రిపోర్టు వచ్చాక క్రాల్ స్పేస్ ఫొటోలతో సహా ఇక్కడ పెట్టండి, చూసి ఏది ముందు చేయాలో చెబుతాను.